కొత్తగా వచ్చినవారి ఎదుట ఎవరు కూర్చుంటారు?

ప్రశ్న: నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. నల్లగొండలో మా క్లబ్బుకు అనుబంధంగా నడిచే బ్రిడ్జ్ (నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట) బృందానికి కార్యదర్శిని. ఒకప్పుడు ఆదివారం సాయంత్రం అయిదు టేబుళ్లు పడేవి, ఇప్పుడు రెండు నిండితే గొప్ప. మేము ఆడేది రబ్బర్ బ్రిడ్జ్, అంటే ఒక్కో టేబుల్ దగ్గర నలుగురూ తమలో తామే ముక్కలు పంచుకుని ఆడే పద్ధతి. మాలో అందరికన్నా బాగా ఆడే పెద్దాయన నాకు డిగ్రీలో లెక్కలు చెప్పిన గురువుగారు. ఆట ముగిసిందో లేదో, పార్ట్‌నర్ చేసిన తప్పును అందరి ముందూ ఎత్తిచూపి గట్టిగా కోప్పడతారు. కిందటి ఏడాది చేరిన ఇద్దరు మహిళలు, ఒకరు బ్యాంకు ఉద్యోగి, మరొకరు ప్రభుత్వ ఉపాధ్యాయురాలు, ఈ కారణంగానే రావడం మానేశారు. మిగిలిన పాత జంటలు కొత్తవారితో కూర్చోవడానికి ఇష్టపడవు. పాయింటుకు ఇంత అని డబ్బు పెడితే యువకులు వస్తారని కొందరు అంటున్నారు. గురువుగారికి ఎదురు చెప్పలేను, బృందం మూతపడుతుంటే చూస్తూ ఊరుకోనూ లేను. ఏం చేయమంటారు? (పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, నల్లగొండ)

సమాధానం: మీ ఉత్తరంలో మూడు సమస్యలు ఉన్నట్టు కనిపిస్తున్నాయి గానీ, నాకు వాటి వెనుక ఒకే లోటు కనిపిస్తోంది. మీ బృందంలో టేబుల్ దగ్గర జరిగే వాటికి జవాబుదారీగా ఉండే మనిషి ఎవరూ లేరు. ఎవరు ఎవరితో కూర్చోవాలో, ఏ మాట అనవచ్చో, ఏ మాట అనకూడదో నిర్ణయించే అధికారం ఎవరికీ ఇవ్వకపోవడం వల్ల ఆ అధికారం సహజంగానే అందరికన్నా బాగా ఆడే పెద్దాయన చేతికి పోయింది. అందుచేత ఆయన స్వభావాన్ని మార్చడం ఎలా అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఆ ఖాళీని ఎలా పూరించాలా అని ఆలోచించమని నా సలహా. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి స్వభావాన్ని పూర్వ విద్యార్థి మార్చగలడని నేను అనుకోను. మార్చవలసిన అవసరం కూడా లేదు.

ముందుగా ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. రమ్మీలో మన తప్పుకు మనమే నష్టపోతాం. బ్రిడ్జ్‌లో అలా కాదు. మన చేతిలో పదమూడు ముక్కలు కనిపిస్తాయి, మొదటి ముక్క (లీడ్) పడిన తరువాత డమ్మీ, అంటే ఆట నడిపే డిక్లేరర్ పార్ట్‌నర్, టేబుల్ మీద పరిచిన పదమూడు ముక్కలూ కనిపిస్తాయి, మిగిలిన ఇరవై ఆరింటినీ బిడ్డింగ్ (ఎన్ని పట్లు గెలుస్తామో ముందే పాడుకునే పాట) నుంచీ, పడిన ముక్కల నుంచీ ఊహించుకోవాలి. ప్రత్యర్థుల కాంట్రాక్టును, అంటే వారు గెలుస్తామని పాడుకున్న పట్ల లెక్కను, ఓడించడానికి డిఫెన్స్ ఆడుతున్నప్పుడు మన ఊహ ఎంత సరైనదైనా ఎదురుగా ఉన్న పార్ట్‌నర్ ఒక్క ముక్క తప్పుగా వేస్తే అది నిష్ఫలమవుతుంది. ఇక పార్ట్‌నర్ డిక్లేరర్ అయి మనం డమ్మీ అయితే, కళ్లెదుటే కాంట్రాక్టు చేజారిపోతున్నా నియమం ప్రకారం నోరు విప్పకుండా కూర్చోవాలి. ఆ కాసేపు బిగబట్టిన కోపం చివరి ట్రిక్ (పట్టు) పడగానే బయటికి వస్తుంది. లెక్కల మాస్టారికి, అందులోనూ తరగతి గదిలో తప్పును అక్కడికక్కడే దిద్దే అలవాటున్న మాస్టారికి, ఇది మరింత కష్టం. ఆయన దురుసు మనిషి కానక్కరలేదు. ఆట మీద ప్రేమ ఎక్కువైనవారే ఎక్కువగా ఇలా ప్రవర్తిస్తారని చాలా క్లబ్బుల్లో చూశాను.

అయినా ఆ కోపాన్ని సహించవలసిన బాధ్యత ఆ ఉపాధ్యాయురాలికి లేదు. ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయమని మీరు అనుకుంటున్నట్టున్నారు, కానీ ఆట నియమాలలోనే దీనికి స్థానం ఉంది. ప్రపంచ బ్రిడ్జ్ సమాఖ్య 2017లో సవరించిన డూప్లికేట్ బ్రిడ్జ్ (అన్ని టేబుళ్ల దగ్గరా అవే ముక్కలు ఆడే పోటీ పద్ధతి) నియమావళిలో 74వ నియమం మొత్తం ప్రవర్తన గురించే. ఆటగాడు ఎల్లవేళలా మర్యాదగా ఉండాలనీ, ఎదుటివారికి చికాకు గానీ ఇబ్బంది గానీ కలిగించే మాటలకూ చేష్టలకూ దూరంగా ఉండాలనీ అది చెబుతుంది. ప్రత్యర్థి అని గానీ పార్ట్‌నర్ అని గానీ అది తేడా చూపదు. మాట దాకా ఎందుకు, బిడ్ వేసినప్పుడు నిట్టూర్చడం, ముక్క చూసి ముఖం చిట్లించడం వంటివి కూడా పార్ట్‌నర్‌కు అందకూడని సమాచారం అందించినట్టే అవుతాయి. బిడ్ల ద్వారా, ఆడిన ముక్కల ద్వారా తప్ప మరే విధంగానూ భాగస్వాములు సమాచారం ఇచ్చిపుచ్చుకోకూడదన్నది ఈ ఆటకు ప్రాణం వంటి నియమం. కనుక మీ గురువుగారి ఆగ్రహం ఆటకు బయటి సంగతి కాదు. 91వ నియమం ప్రకారం డైరెక్టరుకు, అంటే ఆటను పర్యవేక్షించి తేడాలు తీర్చే వ్యక్తికి, క్రమశిక్షణ కోసం పాయింట్లు తగ్గించే అధికారం, అవసరమైతే ఆ పూట ఆట నుంచి తప్పించే అధికారం కూడా ఉన్నాయి.

మీకు లేనిది ఆ డైరెక్టరే. రబ్బర్ బ్రిడ్జ్‌లో నలుగురూ కూర్చుని తమలో తామే అన్నీ తేల్చుకుంటారు కనుక నలుగురిలో గొంతు పెద్దదైనవారి మాట నెగ్గుతుంది. డూప్లికేట్‌కు మారండి. చిన్న క్లబ్బులో డైరెక్టరు తానూ ఆడుతూనే ఆ బాధ్యత నిర్వహించవచ్చు. ఆ పనికి మీరు కూర్చోవద్దు, గురువుగారి శిష్యులెవరూ కూర్చోవద్దు. బ్యాంకులోనో కోర్టులోనో పనిచేసి, పుస్తకం తెరిచి చదివి చెప్పే అలవాటున్న, గొంతు పెంచని వ్యక్తి మీలో ఒకరైనా ఉంటారు. వారిని ఆరు నెలలకు నియమించండి. వారం వారం మార్చవద్దు, ఎందుకంటే వచ్చే ఆదివారం తన వంతు అయిపోతుందని తెలిసినవారు ఈ ఆదివారం ఎవరినీ నొప్పించడానికి సాహసించరు. ఏ తేడా వచ్చినా ఆట ఆపి డైరెక్టరును పిలవడం అందరికీ అలవాటు కావాలి. కొత్తవారు తరచూ ఆడుతున్న రంగు ముక్క చేతిలో ఉండగానే వేరే రంగు వేస్తారు. అటువంటప్పుడు ఎంత నష్టపరిహారమో పుస్తకం చూసి డైరెక్టరు చెబుతారు, మిగిలిన ముగ్గురూ మాట్లాడరు. కొత్తవారికి శిక్ష పడినా అవమానం ఉండదు.

డూప్లికేట్ వల్ల మరొక మేలు కూడా ఉంది. పంచిన ముక్కలు నాలుగు అరలున్న బోర్డులో భద్రంగా ఒక టేబుల్ నుంచి మరొక టేబుల్‌కు వెళతాయి, అవే ముక్కలను అందరూ ఆడతారు, ఆ ముక్కలతో మీరు తెచ్చుకున్న ఫలితాన్ని అదే దిక్కున కూర్చుని అవే ముక్కలు ఆడిన ఇతరుల ఫలితంతో పోలుస్తారు. సాయంత్రమంతా బొమ్మ ముక్క పడని చేతులే వచ్చినా మీరు మొదటి స్థానంలో నిలవవచ్చు. కొత్తవారికి ఇందులో ఉన్న ఊరట చాలా పెద్దది. గురువుగారు సైతం ఓడిపోయిన కాంట్రాక్టులోనే తానూ ఓడిపోయానని స్కోరు కాగితం మీద చూసుకున్న కొత్త ఆటగాడు తన తప్పును వేరే కళ్లతో చూస్తాడు. బోర్డులు కొనడానికి వెంటనే డబ్బు లేకపోతే దిక్కులు రాసిన కవర్లతో కొన్నాళ్లు నడపవచ్చు. బిడ్డింగ్ బాక్సులు మాత్రం మొదటి నెలలోనే తెప్పించండి. బిడ్ నోటితో చెప్పకుండా కార్డు తీసి పెట్టడం వల్ల గొంతులోని చిరాకు టేబుల్ మీదికి రాదు.

ఇక గురువుగారితో ఎలా మాట్లాడాలి? సర్వసభ్య సమావేశంలో అందరితో పాటు ఆయనకూ ఈ సంగతి తెలియడం మాత్రం జరగకూడదు. అంతకు ముందు ఒక ఉదయం మీరొక్కరే ఆయన ఇంటికి వెళ్లండి. ఫిర్యాదులు వల్లించవద్దు, మానేసిన ఆ ఇద్దరి పేర్లూ ఎత్తవద్దు. "సార్, వచ్చే నెల నుంచి మనం డూప్లికేట్ మొదలు పెడుతున్నాం. టేబుల్ దగ్గర ఆట గురించి చర్చ ఉండకూడదని నియమం పెడుతున్నాం. అది అందరికీ వర్తిస్తుంది, మీకూ నాకూ కూడా. నలుగురిలో వినడం కన్నా ముందే నా నోట మీరు వినాలని వచ్చాను" అని చెప్పండి. నియమావళి కాపీ ఒకటి ఆయన చేతిలో పెట్టి 74వ నియమం చూడమనండి. లెక్కలు చెప్పినవారికి నియమం అంటే గౌరవం ఉంటుంది. ఎదురుగా కూర్చున్న శిష్యుడి అభ్యర్థనను తోసిపుచ్చినంత తేలికగా అచ్చులో ఉన్న నియమాన్ని ఆయన తోసిపుచ్చలేరు. మీరు ఆయనకు ఎదురు చెబుతున్నట్టూ అవదు.

అలా చెప్పి వదిలేస్తే మాత్రం అది ఆయన నోరు మూయించినట్టే అవుతుంది. ఆయనకున్న జ్ఞానం మీ బృందానికి ఆస్తి, దానికి వేరే చోటూ వేరే సమయమూ కల్పించండి. ఆట ముగిసి స్కోర్లు లెక్కించాక, టీ తాగే ఇరవై నిమిషాల్లో, ఆ రోజు ఆడిన రెండు బోర్డులను నల్లబల్ల మీద రాసి వివరించమని ఆయనను కోరండి. ఇష్టమున్నవారే కూర్చుంటారు, ఎవరు ఏ ముక్క వేశారన్న పేర్లు మాత్రం ఉండవు. ఉదాహరణకు, మూడు నో ట్రంప్ (తురుపు లేకుండా తొమ్మిది పట్లు) కాంట్రాక్టు మీద పార్ట్‌నర్ ఇస్పేటు ఆరు లీడ్ చేశాడు, కొత్త ఆటగాడు ఆసుతో గెలిచి, ఇస్పేటు తిరిగి వేయకుండా ఆఠీనుకు మారాడు అనుకుందాం. టేబుల్ దగ్గరైతే ఇది "నా రంగు తిరిగి వేయాలని కూడా తెలియదా" అన్న కేకగా బయటికి వస్తుంది. నల్లబల్ల దగ్గర ఇదే విషయం చక్కని పాఠం అవుతుంది. లీడ్ చేసినది ఆ రంగులో పైనుంచి నాలుగో ముక్క అయితే, పదకొండులోంచి ఆరు తీసేస్తే అయిదు. లీడ్ చేసినవారు కాక మిగిలిన ముగ్గురి చేతుల్లో ఆరుకు పైబడిన ఇస్పేట్లు సరిగ్గా అయిదే ఉంటాయి. డమ్మీలో రెండు కనిపిస్తున్నాయి, ఆసుతో కలిపి మన చేతిలో మూడు ఉన్నాయి. అంటే డిక్లేరర్ చేతిలో ఆరును మించిన ఇస్పేటు ఒక్కటి కూడా లేదు. ఈ లెక్క ఒకసారి అర్థమైనవారు ఇక ఆ రంగు వదిలి మరో రంగుకు వెళ్లరు. దీన్ని మీ గురువుగారికన్నా బాగా చెప్పగలవారు నల్లగొండలో ఎందరుంటారు? ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఆయనకు గౌరవాధ్యక్ష పదవి ఇచ్చి సరిపెట్టాలని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోవద్దు. పదవి వచ్చిన తరువాత ఆయనకు పెనాల్టీ వేసే ధైర్యం ఏ డైరెక్టరుకూ ఉండదు.

మొదటి పెనాల్టీ బహుశా ఆయనకే పడుతుంది. ఆ రోజు ఆయన అలిగి వెళ్లిపోయినా నియమాన్ని సడలించవద్దని ఖచ్చితంగా చెబుతున్నాను. మరునాడు వెళ్లి కలవండి, మళ్లీ రమ్మని మనస్ఫూర్తిగా పిలవండి, పెనాల్టీ తప్పని మాత్రం అనవద్దు.

నన్ను అడిగితే, గురువుగారి కోపం కన్నా పాత జంటల మౌనమే మీ బృందానికి ఎక్కువ హాని చేసింది. కోపపడ్డ మనిషి కనీసం కొత్తవారి ఎదుట కూర్చున్నాడు, మిగిలినవారు కూర్చోనే లేదు. ఏళ్ల తరబడి ఒకే పార్ట్‌నర్‌తో ఆడేవారికి ఆ జంటలో ఒక సుఖం ఉంటుంది, బిడ్డింగ్‌లో వారికి వారి పద్ధతులు ఏర్పడి ఉంటాయి, దాన్ని పూర్తిగా వదులుకోమనడం న్యాయం కాదు. అందుకే నెలలో రెండు ఆదివారాలు జంటల పోటీకి ఉంచండి, మిగిలిన ఆదివారాలు జంటలను క్లబ్బే నిర్ణయించాలి. సరిగ్గా ఎనిమిది మంది వచ్చిన రోజున వ్యక్తిగత పోటీ పెట్టడం అన్నిటికన్నా సులువు. రెండు టేబుళ్లు, ఏడు రౌండ్లు, రౌండుకు మూడు బోర్డులు. ఏడు రౌండ్లలో ప్రతి ఒక్కరూ మిగిలిన ఏడుగురితోనూ ఒక్కొక్కసారి పార్ట్‌నర్‌గా కూర్చుంటారు. బోర్డుకు ఏడున్నర నిమిషాల చొప్పున ఇరవై ఒక్క బోర్డులకు రెండున్నర గంటలు దాటి కొద్దిగా పడుతుంది. పేరుపొందిన ఆటగాడు కొత్తవారితో మూడు బోర్డులు ఆడి ముందుకు వెళతాడు, ఎవరూ ఎవరి మీదా సాయంత్రమంతా భారం కారు. స్కోరు కూడా ఒక్కొక్కరిది విడివిడిగా ఉంటుంది కనుక పాత ఆటగాళ్లకు కొత్తవారిని వెంటేసుకుని ఆడగలగడమే ఒక నైపుణ్యంగా కనిపించడం మొదలవుతుంది. పన్నెండు మంది వస్తే ఆరు జంటలు చేసి హోవెల్ పద్ధతిలో అయిదు రౌండ్లు, రౌండుకు నాలుగు బోర్డులు నడపండి, ప్రతి జంటా మిగిలిన అయిదు జంటలతోనూ ఆడుతుంది.

దీనికి తోడు ఇంకొక మాట ఇవ్వాలి, అది ఇచ్చేది కార్యదర్శిగా మీరే. ఒంటరిగా వచ్చినవారు ఎవరూ ఆడకుండా ఇంటికి వెళ్లకూడదు. పార్ట్‌నర్ లేక అరగంట బెంచీ మీద కూర్చుని తిరిగి వెళ్లినవారు రెండోసారి రారు. శనివారం సాయంత్రానికల్లా ఎవరెవరు వస్తున్నారో తెలుసుకోండి. మాఘమాసం, శ్రావణమాసం పెళ్లి ముహూర్తాల్లో మన వైపు సగం మంది ఏదో ఒక ఊళ్లో ఫంక్షన్ హాలులో ఉంటారు కనుక ఆ వారాల్లో మరీ జాగ్రత్తగా లెక్క చూసుకోండి. సంఖ్య బేసి అయితే కూర్చునేది మీరు, సరి అయితే లేచేది కూడా మీరే. ఇది త్యాగమే. ఆట మీద ఇంత మమకారం ఉన్న మీకు లేచి నిలబడటం కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ రోజూ ఆడాలనుకునే కార్యదర్శితో ఏ బ్రిడ్జ్ బృందమూ పెరగదు.

డబ్బు పెట్టి ఆడే ఆలోచనకు నా సమాధానం వద్దు అనే. బ్రిడ్జ్ నైపుణ్యపు ఆట అన్నది నిజం. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని నైపుణ్యపు ఆటగా గుర్తిస్తూ, అందులోని అదృష్టం బ్రిడ్జ్ పంపకంలోని అదృష్టం వంటిదేనని పోల్చి చెప్పింది. అయితే ఆ తీర్పును పట్టుకుని ముందుకు పోవద్దు. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, పందెం కాసి ఆడే ఆటల విషయంలో, ముఖ్యంగా రమ్మీ విషయంలో, చాలా కఠినంగా వ్యవహరిస్తోంది. పోలీసులు వచ్చిన రోజున టేబుల్ మీద ఉన్నది బ్రిడ్జా రమ్మీయా అని వాదించుకునే పరిస్థితిలోకి రిటైరైన ఉద్యోగులనూ, టీచర్లనూ నెట్టడం మీకు తగదు. టీకీ, ముక్కలకూ, కరెంటుకూ సరిపడే రుసుము అందరి దగ్గరా సమానంగా తీసుకుని, ఖర్చు వివరాలు గోడ మీద అంటించండి. చట్టం సంగతి అలా ఉంచినా, డబ్బు వచ్చిన చోట పార్ట్‌నర్ తప్పుకు వెల కట్టడం మొదలవుతుంది, మీ గురువుగారి కోపం నలుగురికీ పాకుతుంది. డబ్బు కోసం వచ్చే యువకులకు మీ పక్క గదిలోనే రమ్మీ దొరుకుతుంది, వారు బిడ్డింగ్ నేర్చుకునే ఓపిక చూపరు.

పక్క గది అన్నాను కాబట్టి చెబుతున్నాను, వీలైతే రమ్మీ హాలుకు దూరంగా ఉన్న గది అడిగి తీసుకోండి. సిగరెట్ పొగ, అరుపులు, రాత్రి తొమ్మిది దాటినా తేలని ఆట ఉన్న చోటికి ఉద్యోగం చేసే మహిళ వారానికొకసారి ఎందుకు రావాలి? ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి ఆరుకల్లా స్కోరుతో సహా ముగించండి. ఎండాకాలంలో నల్లగొండ వేడికి మధ్యాహ్నం కుదరకపోతే ఉదయం తొమ్మిదికి మార్చుకోండి.

యువకుల విషయంలో మీరు ఎదుర్కొనే అడ్డంకి తల్లిదండ్రులు. మన ఊళ్లలో పత్తాలాట అనగానే ఇల్లు గుల్ల చేసే వ్యసనమే గుర్తొస్తుంది, అలా భయపడటానికి వారికి తగిన కారణాలూ ఉన్నాయి. వారితో వాదించకుండా, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు పురుషుల జంట బ్రిడ్జ్‌లో స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్ గురించి చెప్పండి. అప్పటికి వారి వయసు అరవై, యాభై ఆరు. తరువాత హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన పురుషుల జట్టు రజతం గెలిచింది. డబ్బు ప్రసక్తి లేని ఆట గదిని చూపించి, పిల్లలతో పాటు తల్లిదండ్రులనూ కూర్చుని చూడమనండి. నేర్పేటప్పుడు బిడ్డింగ్‌తో మొదలుపెట్టవద్దు, మినీ బ్రిడ్జ్ నేర్పండి. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున ఎవరి పాయింట్లు వారు చెబుతారు. ఎక్కువ పాయింట్లున్న జంటలో ఎక్కువ ఉన్నవారు డిక్లేరర్ అవుతారు. పార్ట్‌నర్ చేయి చూసి తురుపు ఏదో, ఎంత గెలవాలో నిర్ణయించుకుంటారు. కోట్ పీస్ ఆడినవారికి తురుపు, ఎదురు కూర్చునే పార్ట్‌నర్ కొత్త కాదు కనుక రెండు మూడు పూటల్లోనే ఆట చేతికి వస్తుంది. ఈ పని గురువుగారికి అప్పగించవద్దు. మొదటి పాఠాలు చెప్పేవారికి ఆట ఎంత తెలుసన్నది ముఖ్యం కాదు, ఒకే ప్రశ్నను పదిసార్లు వినే ఓర్పు ఉండాలి.

మానేసిన ఆ ఇద్దరికీ వాట్సాప్ సందేశం పంపి ఊరుకోకుండా మీరే స్వయంగా ఫోన్ చేయండి. జరిగినదానికి క్లబ్బు తరఫున విచారం తెలియజేయండి, గురువుగారి గురించి సంజాయిషీలు చెప్పవద్దు. ఏయే నియమాలు పెట్టారో, డైరెక్టరు ఎవరో, ఆట ఎన్నింటికి ముగుస్తుందో వివరించండి. తొలి ఆదివారం మొదటి రౌండులో తమ ఎదుట పార్ట్‌నర్‌గా ఎవరు కూర్చోబోతున్నారో ఆ పేరు కూడా ఫోన్‌లోనే చెప్పండి. ఆ పేరు మీదే అయితే మరీ మంచిది.